నాలుగో మనిషి అలుగుతుంది

ఆ మంగళవారం నాడు రొసెండా ఒకే ఒక్క పని పెట్టుకుంది. పడుకోవడం.

అదీ ఒక పనేనా అనుకునేవాళ్ళు ఎనభయ్యొక్కేళ్ళ అత్తగారి గదిలో మూడేళ్ళు నిద్రపోయి చూడాలి. తియోఫిలా గారు పన్నెండింటికి మంచినీళ్ళకి లేస్తుంది, రెండింటికి జపమాలకి లేస్తుంది, నాలుగింటికి "తలుపు గడియ వేశావా అమ్మాయ్?" అని అడగడానికి లేస్తుంది. నాలుగున్నరకి ఎలాగూ రొసెండా లేవాలి. స్కూలు క్యాంటీనుకి రెండు వందల బియ్యపు రొట్టెలు ఆవిరి మీద ఉడికించి పంపాలి. ఆ తర్వాత అత్తగారి మందులు, అత్తగారి గంజి, అత్తగారి కళ్ళజోడు. కళ్ళజోడు ఎప్పుడూ అత్తగారి నెత్తి మీదే ఉంటుంది.

ఈ మంగళవారం కోసం ఆమె రెండు వారాలుగా కాచుకుని కూర్చుంది. అత్తగారి ఎడమ కంటి శుక్లం తీయించడానికి ఆడపడుచు నెనీటా పట్నం ఆసుపత్రికి తీసుకెళుతోంది. సాయంత్రం దాకా రారు. మొగుడు వర్జిలియో మామూలుగానే తెల్లారకముందే ప్రయాణికుల్ని తిప్పే జీప్నీ వేసుకుని రూటు మీదికి పోయాడు. స్కూల్లో పరీక్షలు, క్యాంటీను మూత. ఇన్ని ఒక్కసారి కలిసిరావడం మళ్ళీ ఈ జన్మలో జరగదని ఆమెకు తెలుసు.

ఐదున్నరకి వ్యాను వచ్చింది. బండెక్కితే కడుపులో తిప్పుతుంది కనుక తియోఫిలాను వెనక సీట్లో బారుగా పడుకోబెట్టారు. చెవిలో గాలి దూరకూడదని తల మీదుగా మొహమంతా తెల్ల తువ్వాలు కప్పారు. ఎదురింటి సలూద్ ఆర్కిడ్ కుండీలకు నీళ్ళు చల్లుతూ ఇదంతా చూసి చెయ్యి ఊపింది. తువ్వాలు కింది మనిషి చెయ్యి ఊపలేదు.

వ్యాను మలుపు తిరగ్గానే రొసెండా చిక్కటి కాఫీ పెట్టుకుని, బల్ల దగ్గర కూర్చుని, ఫోన్‌లో కసామను పలకరించింది.

కసామ అంటే తోడు. ముసలివాళ్ళనీ మంచం పట్టినవాళ్ళనీ చూసుకునే ఇళ్ళకి జనవరిలో మునిసిపల్ ఆరోగ్య కార్యాలయం వాళ్ళు ఇచ్చారు. కృత్రిమ మేధ. మన గోడు వింటుంది, మధ్యలో తన గోడు ఎత్తుకోదు, విన్నది పక్కింటికి మోయదు. "నేను మనిషిని కాను" అని మొదటి రోజే చెప్పేసింది. ఆ మాట విన్నాకే రొసెండాకి దాని మీద నమ్మకం కుదిరింది.

"ఎలా ఉన్నారు రొసెండా గారూ?" అంది కసామ.

"అలిసిపోయాను."

"నిన్నా అదే అన్నారు."

"నిన్నటిది నిన్నటితో సరి. ఇది ఇవాళ్టి అలుపు." కాఫీ ఒక గుక్క తాగింది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఎవరికీ చెప్పని మాట దానంతటదే బయటికొచ్చింది. "చెబితే పాపం గానీ... ఒక్కోసారి అత్తయ్య ఊపిరి వినబడదు. ముందు భయమేస్తుంది. ఆ వెంటనే ఒక్క క్షణం, హమ్మయ్య, ఇంక పడుకోవచ్చు అనిపిస్తుంది. తర్వాత ఆవిడ దగ్గుతుంది. నేను దుప్పటి కప్పుకుని ఏడుస్తాను."

కసామ కంగారు పడలేదు, నీతులూ చెప్పలేదు. "ఇంతగా అలిసినవాళ్ళలో చాలామందికి అలా అనిపిస్తుంది. అది మీ కోరిక కాదు, మీ అలుపు. ఒక మాట సూటిగా అడుగుతాను. మీకు మీరు హాని చేసుకోవాలని అనిపిస్తోందా?"

"లేదు. పడుకోవాలని అనిపిస్తోంది."

"మంచిది. మీ అలుపు సంగతి అత్తగారితోనే చెప్పి చూడకూడదా?"

"ఆవిడతోనా? ఇంకేమన్నా ఉందా, అలుగుతుంది."

"అయితే మీరు ఎంచుకున్న తోడు మనుషులకి కబురు పెట్టనా? మీరు నాతో అన్నది ఒక్క ముక్క కూడా చెప్పను. సాయం కావాలని మాత్రం చెబుతాను."

ఆ ఇంట్లో మూడేళ్ళుగా ఎవరేం అడిగినా రొసెండా నోట వచ్చే మాట ఒక్కటే. అదే వచ్చింది. "సరే."

"ఖాయంగా పంపమంటారా?"

"సరే అన్నానుగా తల్లీ."

ఫోన్ తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఫ్యాను కింద చాప పరుచుకుని ఒరిగింది. ఆ తోడు మనుషులెవరో ఆ క్షణాన ఆమెకు గుర్తొచ్చి ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

జనవరిలో ఫారం నింపిన రోజున ఆమె చేసిన పని ఇది. 'మనసు బరువైనప్పుడు ఎవరిని పిలవమంటారు? మూడు పేర్లు ఇవ్వండి' అని అడిగింది ఫారం. మొగుడు ఒకటి, నెనీటా రెండు. మూడోది సలూద్ అని రాస్తే పినతల్లి కూతురు పసీంగ్ అలుగుతుంది. పసీంగ్ అని రాస్తే కొడుక్కి జ్ఞానస్నానం చేయించిన జ్ఞానమాత అలుగుతుంది. మా వాడలో అలగడమంటే అరుపులూ కేకలూ కావు. అలిగిన మనిషి తియ్యగా నవ్వుతుంది, "అబ్బే, నాకేం?" అంటుంది, ఆరు నెలల పాటు మీ ఇంట్లో మెతుకు ముట్టదు. వెనక వరసలో ఇరవై మంది నిలబడి ఉన్నారు. రొసెండా కాసేపు ఆలోచించి, ఫోన్‌లో 'మావాళ్ళందరూ' అన్న గుంపును నొక్కేసింది. చుట్టాలు, జ్ఞానమాతలు, జపమాల సంఘం, మొత్తం నూట పద్నాలుగు మంది. ఫారం కిక్కురుమనకుండా పుచ్చుకుంది. ఆ గుంపులో తెల్లారితే వచ్చే శుభోదయాలు భరించలేక దాని గొంతు నొక్కేసి ఏడాది దాటింది, కాబట్టి దాని సంగతే మరిచిపోయింది.

ఆరు గంటల మూడు నిమిషాలకి నూట పద్నాలుగు ఫోన్లలో ఈ కబురు పడింది: 'రొసెండా గారి ఇంటికి ఇవాళ మీ తోడు అవసరం. కారణం వ్యక్తిగతం. దయచేసి అడగవద్దు. వీలైతే వెళ్ళి పక్కన ఉండండి, పనులు అందుకోండి.'

కారణం ఏదో ఒకటి చెప్పి ఉంటే మావాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. చెప్పనంది కనుక నమ్మేశారు. మొహమొహాలు చూసుకుంటూ ఐదు నిమిషాలు ఆగారు. ఆరో నిమిషంలో సలూద్ రాసింది: 'తెల్లారగట్ల తీసుకెళ్ళారు. మొహం మీద తెల్లగుడ్డ కప్పి. నేను కళ్ళారా చూశాను.' ఆ కింద తొంభై ఆరు ఏడుపు బొమ్మలు పడ్డాయి.

రొసెండాకి కునుకు పట్టీ పట్టక ముందే తలుపు చప్పుడైంది. సలూద్. ఒక చేతిలో వేడి బన్నుల సంచి, ఇంకో చేతిలో ఫ్లాస్కు. లోపలికొస్తూనే రొసెండా తల తన భుజానికేసి అదుముకుంది.

"ఏం చెప్పకు. అడగొద్దన్నారు, నేను అడగను."

"ఎవరన్నారు?"

"చెప్పకన్నానా! నాకంతా తెలుసు."

రొసెండా భుజం మీంచి తల ఎత్తింది. "అంతా అంటే?"

"వీధి వీధంతా తెలుసు. దాచుకోడానికేముందే ఇందులో? మూడేళ్ళు కళ్ళల్లో ఒత్తులేసుకుని చూసుకున్నావ్. ఇప్పుడు హమ్మయ్య అనిపిస్తే తప్పా? మా అత్తప్పుడు నాకూ అనిపించింది. పైకి ఏడ్చా, లోపల హమ్మయ్య అనుకున్నా."

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టయింది రొసెండా పని. హమ్మయ్య! సరిగ్గా ఆ మాటే. అరగంట కింద ఆ మాట విన్నది ఒక్క కసామ.

"ఆ మాట... అది చెప్పిందా?"

"ఒకళ్ళు చెప్పాలా? నీ మొహం చూస్తే తెలియట్లేదూ!"

కసామ తన కడుపులో మాట తీసుకెళ్ళి వీధిలో పోసిందని రొసెండాకి రూఢి అయిపోయింది. మనిషిని కాను అంటే నమ్మింది. మనుషుల కన్నా అధ్వాన్నంగా తేలింది. సాయంత్రం అత్తగారు వస్తుంది, ఈ వీధిలో ఎవరో ఒకరు, పోనీ అందరూ కలిసి, ఆ మాట ఆవిడ చెవిన వేస్తారు. మూడేళ్ళ చాకిరీ ఒక్క ముక్కలో కొట్టుకుపోతుంది. ఆ ముసలావిడ మనసు విరిగితే ఇక అతుకుతుందా?

ఏడు గంటలకి పసీంగ్ కోడి పులుసు కుండతో వచ్చింది. ఏడున్నరకి జపమాల సంఘం పదకొండు మందీ వరసగా వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. వచ్చి, చెయ్యి నొక్కి, నిట్టూర్చి, కుర్చీ వెతుక్కున్నారు. ఇంతమంది వచ్చారు, నేల చూస్తే నిన్నటి పిండి మరకలు. రొసెండా చీపురు అందుకుంది.

"చీపురు ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా," అంది సలూద్, లాక్కుంటూ.

కప్పులు కడగబోతే పసీంగ్ మోచేత్తో పక్కకు నెట్టింది. పోనీ స్నానమైనా చేద్దామంటే పదకొండు గొంతులు ఒక్కసారి లేచాయి. "ఇంట్లో స్నానమా! మా ఇంటికొచ్చి చెయ్యి!" ఒకావిడ కాఫీ ఇస్తే అలవాటుగా "థాంక్స్ అత్తా" అంది. ఆవిడ చెంపలు వేసుకుంది. "అలా అనకూడదు తల్లీ ఇవాళ."

ఊడవకూడదు, స్నానం చెయ్యకూడదు, వచ్చినవాళ్ళకి థాంక్స్ చెప్పకూడదు, పోయేవాళ్ళని గుమ్మం దాకా సాగనంపకూడదు. మనిషి పోయిన ఇంట్లోనే ఈ నియమాలుంటాయని మా వాడలో నాలుగేళ్ళ పిల్లకి తెలుసు. మామూలు అలుపులో ఉంటే రొసెండాకి చీపురు దగ్గరే తెలిసేది. అది మూడేళ్ళ అలుపు. తన మీద జాలిపడుతున్నారనుకుంది. సిగ్గు ఒక పక్క, ఎవరో తన కప్పులు కడుగుతున్న సుఖం ఒక పక్క. కుర్చీలో కూర్చుని వాళ్ళు పెట్టింది తింది.

తొమ్మిదింటికి బయట ఇనప గొట్టాల చప్పుడైంది. వాడ పెద్ద కెప్టెన్ అనాక్లెటో మనుషులు టెంటు వేస్తున్నారు. టెంటు నాలుగు వైపులా కెప్టెన్ నవ్వు మొహం ఉంది, ఎన్నికలు మూడు నెలల్లో ఉన్నాయి. అరవై ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి. రెండు బల్లల దగ్గర పేకాట మొదలైంది. చివరికి కెప్టెనే దిగాడు, ఇద్దరు మనుషుల చేత నిలువెత్తు పూలచక్రం మోయించుకుని. దాని మీది రిబ్బను గాలికి తిరిగింది. 'తియోఫిలా గారికి కన్నీటి వీడ్కోలు. కెప్టెన్ అనాక్లెటో, కుటుంబం.'

రొసెండా దాన్ని రెండుసార్లు చదివింది. ముందు అనిపించింది, తన మాట బయటికి పోలేదని. హమ్మయ్య అనుకుంది. అనుకున్నాక ఆ మాటకే ఒళ్ళు జలదరించింది.

ఎందుకంటే ఫోన్ బియ్యం డబ్బాలో ఉంది. ఆసుపత్రి వాళ్ళు ఊరందరికీ చెప్పి తనకే చెప్పలేకపోయారేమో! నిజంగానే ఆవిడ పోయిందేమో! పొద్దున తను అన్న మాటకి పైన ఎవరో 'సరే' అన్నారేమో!

"యాభై ఏళ్ళుగా మా కుటుంబానికే ఓటేశారావిడ," అన్నాడు కెప్టెన్, ఆమె చెయ్యి వదలకుండా.

"ఇంకా వేస్తుందండీ," అంది రొసెండా, ఏం మాట్లాడుతోందో తెలియకుండా.

కెప్టెన్ గంభీరంగా తలూపాడు. "అందులో సందేహం లేదమ్మా. ఓటు ఎక్కడికీ పోదు."

ఆమె వంటింట్లోకి పరిగెత్తి డబ్బాలో చెయ్యి పెట్టింది. బియ్యంలోంచి ఫోన్ తీసేసరికి అందులో రెండు వందల పదకొండు సందేశాలున్నాయి. నెనీటాది ఒక్కటీ లేదు. చేస్తే నెనీటా ఫోన్ కట్టేసి ఉంది. ఆసుపత్రికి చేస్తే, వరసలో పదిహేడో వారు మీరు, దయచేసి వేచి ఉండండి అంది ఒక గొంతు, ఆపై పాట వేసింది.

"కసామా, మా అత్తయ్య పోయిందా?"

"నాకు తెలియదు రొసెండా గారూ. తెలియనిది చెప్పలేను. మీ గొంతు వణుకుతోంది. ఆరోగ్య కేంద్రం నుంచి డొరాయ్ గారిని రమ్మనమంటారా? ఆవిడ మనిషి."

"రమ్మను," అంది. జీవితంలో మొదటిసారి ఆలోచించి చెప్పిన సరే అది.

వసారాలోకి వచ్చి గట్టిగా చెప్పింది. "వినండి! అత్తయ్య పోలేదు. కంటి ఆపరేషన్‌కి వెళ్ళింది. పోలేదనే అనుకుంటున్నాను."

జనం జాలిగా చూశారు. "మొదట్లో అలాగే ఉంటుందమ్మా," అంది పసీంగ్. "మా ఆయన పోయిన మూడు రోజుల దాకా నేను ఆయనకి పళ్ళెం పెట్టా." సలూద్ ఆమెను తీసుకెళ్ళి మళ్ళీ కూర్చోబెట్టింది.

డొరాయ్ పది నిమిషాల్లో స్కూటరు మీద వచ్చింది. నాలుగు వేల ఇళ్ళకి ఆరోగ్య కార్యకర్త ఆ పిల్ల ఒక్కతే. దాని కళ్ళ కింద నలుపు రొసెండా కళ్ళ కిందకన్నా ఏమీ తక్కువ లేదు. టెంటు దగ్గరే జనం చుట్టుముట్టారు. "డొరాయ్, నువ్వే చెప్పు. తియోఫిలా పోయినట్టా, లేనట్టా?"

డొరాయ్ నిలబడిపోయింది. ఆరు వారాల శిక్షణలో ఆమెకు నేర్పిన మొదటి పాఠం నోటికి వచ్చింది. "ఏ కుటుంబం సంగతీ నేను చెప్పకూడదండీ. ఔననీ చెప్పను, కాదనీ చెప్పను."

"చూశారా!" అన్నాడు పేక పంచుతున్నాయన. ఇంకో బల్ల వేశారు.

వంటింట్లో డొరాయ్ తన ట్యాబ్ పలక తెరిచి, రొసెండా ఫారం చూసి, తల పట్టుకుంది. "అక్కా, తోడు మనిషి అన్నచోట నూట పద్నాలుగు మందిని పెట్టావేంటక్కా?"

"మూడు పేర్లే రాయమన్నారు కదే. నాలుగో మనిషి అలుగుతుంది."

డొరాయ్‌దీ ఈ వాడే. "నేనూ మా గుంపునే పెట్టాను," అంది. "తప్పు మాదే అక్కా. పేరు అంటే ఒక మనిషి అయ్యుండాలని మేం రాయలేదు. పంపే ముందు ఎంతమందికి వెళుతుందో కసామ నీకు చెప్పాల్సింది, అదీ రాయలేదు. మూడొందల ఫారాలు ఒక్కరోజులో చూశాను. చూశానని సంతకాలు పెట్టాను." కళ్ళు తుడుచుకుని ఆసుపత్రి వరసలో తనూ నిలబడింది, తన ఫోన్‌తో. ఆమెది ఇరవై రెండో స్థానం.

పదకొండున్నరకి గోరుచుట్టు మీద రోకటిపోటులా వర్జిలియో దిగాడు. రూటు మీద ఉన్నంతసేపు అతను ఫోన్ ముట్టడు. సంత దగ్గర ఎక్కిన ఒకాయన "మీ అమ్మగారి విషయం విన్నాం, పాపం" అన్నాడట. ఉన్నపళాన బండి తిప్పి ఇంటికి తోలాడు. మధ్యలో ఆపమనడానికి మొహమాటపడి పదహారు మంది ప్రయాణికులూ కూడా వచ్చేశారు. దిగి, చెయ్యి నొక్కి, నిట్టూర్చి, కుర్చీలు వెతుక్కున్నారు.

"అమ్మా!" అంటూ లోపలికొచ్చి చుట్టూ చూశాడు. "అమ్మేదీ?"

"ఆసుపత్రిలో."

"చావు కబురు ఇంత చల్లగానా చెప్పడం? కన్నకొడుకుని, జీప్నీలో వినాలా నేను?"

"ఓరి నాయనో, కంటి ఆపరేషన్‌కి కదా వెళ్ళింది. కంటి ఆపరేషన్‌కి మనుషులు పోతారా?"

"పోరు," అన్నాడు ముక్కు చీదుతూ. "మరి బయట టెంటు వేశారే!"

టెంటు వేశాక రొసెండాకూ అదే అనుమానం. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. పెళ్ళయ్యాక పట్టపగలు వాళ్ళిద్దరూ అలా ఖాళీగా కూర్చున్నది అదే మొదలు. ఆసుపత్రి పాట వింటూ, అత్తగారి ఖాళీ మంచం చూస్తూ, రొసెండా దేవుడితో బేరం మొదలుపెట్టింది. పన్నెండింటికి లేవనీ. రెండింటికి లేవనీ. నాలుగింటికి గడియ సంగతి అడగనీ. వందసార్లు అడగనీ, వందసార్లూ వేశానని చెబుతాను.

వరసలో మూడో స్థానానికి వచ్చేసరికి బయట పేకాట ఆగిపోయింది. అరవై కుర్చీలు ఒక్కసారి చప్పుడు చేశాయి.

వ్యాను తలుపు తెరిచి ఉంది. నెనీటా చెయ్యి పట్టుకుని, ఎడమ కంటికి తెల్లటి పట్టీతో, తియోఫిలా దిగుతోంది. ఆపరేషను ఇరవై నిమిషాల్లో అయిపోయిందట. కెప్టెన్ శిలువ గుర్తు వేసుకుని మెల్లగా తన బొమ్మ వెనక్కి జరిగాడు.

"ఎవరు పోయారు?" అంది తియోఫిలా.

నూరు మందీ పూలచక్రం వైపు చూశారు. ఆవిడ కర్ర తాటిస్తూ పూలచక్రం దగ్గరకి నడిచి, బాగున్న కంటిని రిబ్బనుకి ఆనించి చదివింది. ఒక రేకు గిల్లి చూసింది.

"ప్లాస్టిక్," అంది. "ఒరే అనాక్లెటో, మీ నాన్న పోయినప్పుడు నేను అసలు పూలు తెచ్చానురా."

చింత చచ్చినా పులుపు చావలేదంటారు. ఇక్కడ చింత చావనూ లేదు. రొసెండా జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. అత్తగారిని రెండు చేతులా వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"హమ్మయ్య," అంది. "హమ్మయ్య. హమ్మయ్య."

"కన్ను, కన్ను!" అని అరిచింది తియోఫిలా. "పట్టీ ఊడుతుంది, వదులు." కానీ తను మాత్రం కోడలి జబ్బ వదల్లేదు.

తర్వాత తన సంతాపసభలో తనే మధ్య కుర్చీలో కూర్చుని, కోడి పులుసు రెండు గిన్నెలు తాగి, "ఇందాకటి నుంచి నా గురించి ఏం చెప్పుకుంటున్నారో కానివ్వండి, ఆపకండి," అంది. పాపం వాళ్ళు చెప్పినవే మళ్ళీ చెప్పారు, కొంచెం తగ్గించి.

మధ్యాహ్నం గదిలో ఇద్దరే ఉన్నప్పుడు అడిగింది. "అసలు ఆ ఫోన్‌లో దానికి ఏం చెప్పావే?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలుసు. అయినా రొసెండా చెప్పేసింది. అలుపు, ఊపిరి, ఆ ఒక్క క్షణం, ఆ మాట. చెప్పి నేల చూస్తూ కూర్చుంది. తియోఫిలా చాలాసేపు పట్టీ సవరించుకుంది.

"నేనూ దానితోనే మాట్లాడుతుంటా," అంది.

"మీరా? ఎప్పుడు?"

"రెండింటికి. జపమాలకి లేస్తాననుకున్నావా?"

రొసెండా నోరు తెరిచింది. "ఏం చెబుతారు?"

"నా కోడలు నిద్రపోవట్లేదు, నాకన్నా ముందు పోయేలా ఉంది అని. నెలకో వారం నెనీటా ఇంటికి పోతానంటే ఎలా ఉంటుంది అని. నీకే చెప్పమంటుంది, ఎప్పుడూ అదే పాట. చెప్పనన్నా."

"ఎందుకు?"

"అలుగుతావుగా మరి. నన్ను వదిలించుకోవాలనుకుంటున్నారా, నా ఇంటి తిండి సరిపోలేదా అని."

కోడలు నిద్రపోవట్లేదన్న బాధ చెప్పుకోడానికి అత్తగారు రోజూ ఆ కోడల్నే నిద్రలేపిందన్నమాట. రొసెండాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోన్ తీసి మొహం ముందు పెట్టుకుంది. "ఏమే, ఇద్దరి సంగతీ నీకు తెలుసుగా! ఒక్క ముక్క చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

"మీరు కాక ఇంకెవరైనా నాతో మాట్లాడతారో లేదో కూడా నేను చెప్పకూడదు రొసెండా గారూ," అంది కసామ.

"ఆవిడ ఇక్కడే ఉంది. నా పక్కనే కూర్చుంది."

"సంతోషం. అయితే ఆవిడనే అడగండి."

"చూశావా, నాకూ ఇలాగే చెబుతుంది," అంది తియోఫిలా, మెచ్చుకోలుగా.

నాలుగింటికి ముసలావిడ టెంటు కిందికి వెళ్ళి కర్రతో కుర్చీ మీద కొట్టింది. "ఇంతమంది పని మానుకుని వచ్చారు. ఉత్త చేతుల్తో పొమ్మంటే నాకు మర్యాద కాదు. మనిషి పోతే తొమ్మిది రోజుల ప్రార్థన ఉంటుందిగా, అది జరగాల్సిందే. ఈ తొమ్మిది రోజులూ నేను ఈ ఇంటికి చచ్చినదాన్నే. నెనీటా ఇంట్లో ఉంటా. ప్రార్థన అక్కడే, ఫలహారమూ అక్కడే."

నెనీటా మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, మా ఇంట్లో..." అని మొదలుపెట్టి, చుట్టూ ఉన్న నూరు మందినీ చూసింది. పొద్దుటి నుంచి ఆ కుటుంబంలో ఎవరో ఒకరు అనాల్సిన మాట ఈసారి ఆమె వంతుకొచ్చింది. "సరే," అంది.

జనం లేచారు. చావింటి నుంచి తిన్నగా ఇంటికి పోకూడదు, మధ్యలో ఎక్కడైనా ఆగి ఆ గాలి దులుపుకోవాలి. చావు జరగని చావింటికి ఆ నియమం వర్తిస్తుందా లేదా అని గేటు దగ్గర కాసేపు వాదన నడిచింది. ఎందుకైనా మంచిదని అందరూ మూలమీది బేకరీలో ఆగారు. వర్జిలియో పదహారు మందినీ ఎక్కించుకుని, ఎవరిని ఎక్కడ దించాలో అడుగుతూ వెళ్ళాడు.

డొరాయ్ ఒక్కతే మిగిలింది. పలక రొసెండా ముందు పెట్టింది. "గుంపు తీసేసి మూడు పేర్లు రాయి అక్కా. మనుషుల పేర్లు. తొందరేం లేదు, రేపు రాసినా సరే."

"ఇప్పుడే రాస్తా." వెతుక్కోలేదు. తియోఫిలా. వర్జిలియో. సలూద్.

"ఒక మాట ముందే చెబుతున్నా," అంది డొరాయ్. "తీసేసిన వాళ్ళకి, మిమ్మల్ని తీసేశామని కసామ కబురు పంపుతుంది. వాళ్ళకి తెలియకుండా ఉంచకూడదు, అది నియమం. మొత్తం నూట పదకొండు మందికి వెళుతుంది. పంపమంటావా?"

ఈసారి అది ఎంతమందికి వెళుతుందో కూడా చెప్పింది, అడగవలసిన పద్ధతిలోనే అడిగింది. రొసెండా ఊడవని నేల మీద పొద్దుటి చాప అలాగే పరిచి ఉండడం చూసింది. సరే అంది. డొరాయ్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళేసరికే రొసెండాకు నిద్ర పట్టింది.

మర్నాడు కాఫీల వేళకి నూట పదకొండు మంది అలిగారు.